ఎవరూ చూడని ఏడు

'స్ట్రేంజర్ థింగ్స్' (2016) భయపెడుతుందని మొదలుపెట్టా. దొరికింది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్': ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు పాత్రలై పాచికలేసే ఆట.

1983, ఇండియానా. బేస్‌మెంట్‌లో నలుగురు పిల్లలు పది గంటలుగా ఆడుతున్నారు. డెమోగోర్గన్ మీదికొచ్చింది. విల్ ఫైర్‌బాల్ తగలాలంటే 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. పాచిక బల్ల దాటి ఎక్కడికో దొర్లిపోయింది. ఈలోపు మైక్ వాళ్లమ్మ ఆట ఆపించేసింది. తీరా దొరికాక చూస్తే, 7. కథ నడిపే మైక్ చూడలేదుగా, లెక్కలోకి రాదంటారు స్నేహితులు. విల్ మాత్రం ఇంటికెళ్తూ మైక్‌తో చెప్పేస్తాడు, ఏడే పడిందనీ, డెమోగోర్గన్‌కి తను చిక్కాననీ.

రాబోయే ప్రమాదానికి ఇది సూచన, నిజమే. కాసేపటికే విల్ మాయమవుతాడు. కానీ ఈ ఆటకి ఇంతకన్నా మంచి పరిచయం నాకు దొరకలేదు. తర్వాత రూల్‌బుక్ కొని సగంలో వదిలేశా. అన్నీ పట్టికలే (మా ఆఫీసు డాక్యుమెంటేషనే నయం). ఎవరూ చూడని ఓటమిని ఒప్పుకోవడమూ ఆటలో భాగమేనని నాకు చెప్పింది విల్.

తర్వాతి సీజన్లలో ఆట చాలావరకు మైండ్ ఫ్లేయర్, వెక్నా అంటూ రాక్షసులకి పేర్లిచ్చే డిక్షనరీ అయిపోయింది. నాలుగో సీజన్‌లో ఎరికాకి 20 పడినప్పుడు నేనూ ఈలేశాను. వెనక్కెళ్లి మళ్లీ చూసింది మాత్రం ఆ 7నే.