చలికాలపు గ్రుడ్డు

మార్గశిరము చొచ్చినది మొదలు పెరటికోళ్లు గ్రుడ్లు పెట్టుట తగ్గించునన్న సంగతి కోళ్లను సాకిన ఇల్లాండ్రెల్లరును ఎరిగినదే. కాని దానికి చలియే హేతువని తలంచి, గూటిని గోనెసంచులతో సందు లేకుండ కప్పి, లోని తేమయు రెట్టల ఘాటును వెడలు దారి మూసి, తుదకు పక్షులకు రొంపను తెచ్చిపెట్టువారు పెక్కండ్రు గలరు. ఈకల కప్పు గల కోడి హైదరాబాదు చలిని సునాయాసముగా ఓర్చుకొనును, ఓర్వలేనిది తడిని. కావున క్రింద పొడి ఊక పఱచి, గాలి వీచు వైపు మాత్రము తెర దించి, పైభాగమున జాలికిటికీని తెఱచి యుంచుట మేలు.

గ్రుడ్డు తగ్గుటకు ముఖ్యకారణము వెలుతురు కొఱవడుట. కాంతి కంటి ద్వారముననే గాక పలుచని కపాలము గుండ కూడ కోడి మెదడును సోకి, అండాశయమును మేల్కొల్పు స్రావములను పురికొల్పును. పెట్టకు దినమునకు 14 మొదలు 16 గంటల వెలుగు హితము. డిసెంబరు కడపట మనకు లభించు పగలు 11 గంటలకు రవంత మాత్రమే ఎక్కువ. లండనులో అప్పుడు 8 గంటలైనను నిండదు గనుక, మన లోటు తీర్చుట అంత కష్టము కాదు.

మేత మాటకు వచ్చిన, హైదరాబాదులోని ఎర్రగడ్డ వంటి ఇరుకు బస్తీలలో పెరడు నాలుగడుగుల నేలగా మిగిలినను, రైతుబజారులో అమ్ముడుపోని ఆకుకూరలు కోళ్లకు పచ్చిమేత కాగలవు. ఉదయము తవుడు, నూకలు చాలును. సాయంకాలము మాత్రము జొన్నలో మొక్కజొన్నలో గింజగానే చల్లు పెద్దల అలవాటు ఎంతయు శ్లాఘనీయము. ఏలయన గింజ రాత్రియంతయు మెల్లగా అరుగుచు దేహమునకు వేడిమి నిచ్చును. పెంకు ఏర్పడుటయు అధికముగా రాత్రివేళనే గనుక, ఆల్చిప్పల పొడిని వేఱొక మూకుడులో ఉంచిన పెట్ట తనకు వలసినంత తానే తినును. గ్రుడ్డు పెంకులనే పెట్టదలచినచో వేయించి మెత్తగా నలుపవలెను. గుర్తుపట్టినచో కోడి తన గ్రుడ్లనే పొడుచుకొని తినుట నేర్చును.

ఈకలు రాల్చు పెట్టను గ్రుడ్డు పెట్టలేదని నిందించుట అన్యాయము. కొత్త ఈకకు మాంసకృత్తులు కావలెను. వేరుసెనగ చెక్కయో, పేడయు గడ్డియు నింపిన కుండను పుట్ట చెంత బోర్లించి మఱునాటికి పట్టిన చెదలో దానికి ఆ కాలమున అమృతప్రాయములు. చైత్రమున పొదిగించిన పిల్లలు కార్తికమునాటికి పెట్టలై, ఆ తొలి యేడు ఈకలు రాల్పక చలికాలమెల్ల గ్రుడ్లు పెట్టుటకు అవకాశము కలదు గనుక, చలికాలపు గ్రుడ్డునకు యత్నము ఉగాదినాడే మొదలు కావలెనని నా నమ్మకము. 1988లో హైదరాబాదున నెలకొనిన కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ వంటి జాతి గ్రుడ్లకు ప్రసిద్ధము. పొదుగుటయందు నాటుపెట్టకు సాటి లేదు. రెండును పెరటిలో ఉండదగినవే. కొక్కెర తెగులు టీకాను మాత్రము ఏ జాతికిని మానరాదు.

ఇక వెలుతురు లోటు తీర్చు దీపము. చిన్న బల్బును వేకువకు ముందు వెలిగించుట ఉత్తమము. రాత్రి వెలిగించి చటుక్కున ఆర్పినచో కోళ్లు దండె యెక్కలేక చీకటిలో తడబడును. వారమునకు అరగంట చొప్పున పెంచి, ఫాల్గుణమున పగలు సాగుచుండగా అదే తీరున తగ్గింపవలెను. ఒక్కసారిగా మాన్పినచో పెట్టలు మరల ఈకలు రాల్చును.