ముల్లు మధ్యకొచ్చే క్షణం

బ్రిటన్‌లో పుట్టి 1955 నుంచి మద్రాసులో తయారైన పాత బుల్లెట్ మోటార్‌సైకిల్‌ను రాజమండ్రిలో ఏ కుర్రాడు కొన్నా, వాడికి మొదటి గురువు మెకానిక్కే. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు అలవాటు చేసేది ఆయనే. చప్పుడు వినే టాపెట్ల సంగతి చెప్పేస్తాడు. ఇంజను చల్లారాక పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పి చూస్తాడు: తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఇగ్నిషన్ పాయింట్ల మధ్య 0.4 మిల్లీమీటర్లు మించకుండా సందు సరిచేస్తాడు. గోదావరి తేమకు పట్టిన తుప్పును ఓపిగ్గా వదిలిస్తాడు. బండిని స్టార్ట్ చేసేటప్పుడు "తొందరపడకు బాబూ, అమ్మీటరు ముల్లు మధ్యకి రానీ" అంటాడు. డీకంప్రెషన్ లీవరు నొక్కి, కిక్కును కాస్త దింపి, లీవరు వదిలి, ఒక్క కిక్కు. డగ్‌డగ్‌మంటూ తాతల కాలంనాటి బండి లేస్తుంది.