భోగి నాటి మైలేజీ

భోగి నాడు పనిపడి ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా కారులో వెళ్లాను. రోజూ గంటన్నర పట్టే దారి ముప్పావు గంటలో అయిపోయింది. అంతకు ముందు రెండు రోజులూ ఊళ్లకు బయల్దేరిన బండ్లు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరాయి. ఊరు ఖాళీ అయింది. దిగేటప్పుడు మీటరు చూస్తే లీటరుకు 17 కిలోమీటర్లు. ఆఫీసు రోజుల్లో 11 దాటదు.

డ్రైవింగ్ నేర్పేటప్పుడు మా మావయ్య అనేవాడు, ‘‘బ్రేకు తొక్కావంటే కాల్చిన పెట్రోలు పారబోసినట్టేరా’’ అని. నిజమే. బండి అందుకున్న వేగమంతా బ్రేకుల దగ్గర వేడిగా మారి పోతుంది. మళ్లీ కదలాలంటే మళ్లీ తాగాలి. ముందు బండికి ఎడం ఇచ్చి, యాక్సిలరేటర్ మీంచి ముందే కాలు తీసి, దొర్లనివ్వాలి. ఇరవై ఏళ్లుగా శ్రద్ధగా అలాగే నడుపుతున్నాను. కానీ అమీర్‌పేటలో నేనిచ్చిన ఎడంలోకి రెండు బైకులు, ఓ ఆటో దూరతాయి. ఇక బ్రేకే గతి.

అందుకే బండ్లే తగ్గాలంటాను. చాలా తగ్గనక్కర్లేదు కూడా. రోడ్డు నిండేదాకా వచ్చినవాటితో ఇబ్బంది తక్కువ. నిండాక వచ్చే ఆ కాసిని బండ్లే అందరినీ ఆపేస్తాయి. 2006 జనవరిలో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ నగరం నడిబొడ్డుకు వచ్చే వాహనాలకు ప్రయోగంగా రుసుము పెట్టారు. రాకపోకలు ఐదో వంతు తగ్గితే, క్యూల్లో పోయే సమయం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింది. జులై ఆఖర్న రుసుము ఎత్తేయగానే బండ్లు చాలావరకు తిరిగొచ్చాయి. 2007 ఆగస్టులో మళ్లీ పెట్టారు, మళ్లీ తగ్గాయి. రుసుము లాంటి అడ్డేదీ లేకపోతే ఖాళీ రోడ్డు అలా ఊరుకోదు, కొత్త బండ్లను పిలుస్తుంది.

పండగ వెళ్లాక మా అపార్ట్‌మెంటులో ఒకే వైపు వెళ్లే నలుగురం ఒక్క కారులో సర్దుకున్నాం. రానూపోనూ 50 కిలోమీటర్లు, కారుకు నాలుగున్నర లీటర్లు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. మూడు కార్లు కదలకపోతే రోజుకు 30 కిలోలు మిగులుతోంది. గురువారాలు మాత్రం పై అంతస్తు మేడమ్‌కు ఆలస్యమవుతుంది, ఆవిడ రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగుతారు.

పొద్దున ఎనిమిదింటికి ముగ్గురం కిందికి దిగితే నాలుగో మనిషి కోసం ఐదు నిమిషాలు ఆగాల్సి వస్తోంది. ఆ ఐదు నిమిషాలూ ఇంజన్ ఆపే ఉంచుతాం.