తేజేలో ఒక వారం

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో, క్లూనీ పట్టణానికి దగ్గర్లో తేజే అని ఓ చిన్న పల్లె. వేసవి వస్తే చాలు, యూరప్ నలుమూలల నుంచీ, ఇతర ఖండాల నుంచీ యువతీయువకులు వీపున సంచులు తగిలించుకుని అక్కడికి చేరతారు. ఆదివారం దిగి, మరుసటి ఆదివారం బయల్దేరతారు. నిద్ర డేరాల్లోనో, సాదా గదుల్లోనో. భోజనానికి కత్తీ ఫోర్కూ ఉండవు, ఒక్క చెంచాయే. పేరుమోసిన ప్రసంగీకులు లేరు, పోటీలు లేవు, బహుమతులు లేవు. అయినా రద్దీ వారాల్లో వేలమంది వస్తారు. వాళ్ళను రప్పిస్తున్నది అక్కడి ప్రార్థనేనని నా నమ్మకం.

దీన్ని యువజన శిబిరంగా ఎవరూ మొదలుపెట్టలేదు. 1940 ఆగస్టులో రోజే షూట్జ్ అనే పాతికేళ్ళ స్విస్ యువకుడు సైకిలు మీద తేజే వచ్చి ఒక ఇల్లు కొన్నాడు. తండ్రి ప్రొటెస్టెంట్ పాస్టర్. యుద్ధంలో ఫ్రాన్సును జర్మన్ ఆక్రమిత భాగం, మిగతా భాగం అని రెండు ముక్కలు చేసిన సరిహద్దు గీత ఆ పల్లెకు దగ్గర్లోనే ఉండేది. ఆ గీత దాటి ప్రాణాలు దక్కించుకోవడానికి వచ్చినవాళ్ళను, వాళ్ళలో యూదులను కూడా, రోజే తన అక్క జెనెవియేవ్ సాయంతో ఇంట్లో దాచాడు. 1942లో అక్కణ్ణుంచి తప్పుకోవాల్సి వచ్చింది. 1944లో తొలి సహచరులతో తిరిగొచ్చాడు. యుద్ధం ముగిశాక దగ్గర్లో నిర్బంధంలో ఉన్న జర్మన్ ఖైదీలను ఆదివారాలు పిలిచి భోజనం పెట్టారు. ఏ సైన్యానికి భయపడి మనుషులను దాచారో, ఆ సైనికులకే వడ్డించారన్నమాట. తేజే స్వభావమంతా ఆ పనిలోనే ఉంది.

1949 ఈస్టర్‌నాడు రోజేతో కలిపి ఏడుగురు, సన్యాసి సహోదరులుగా బతుకుతామని జీవితాంతపు ప్రతిజ్ఞ తీసుకున్నారు. ఆ తర్వాత కాథలిక్కులూ చేరారు. వాళ్ళు కానుకలు పుచ్చుకోరు. మట్టిపాత్రలు చేయడం వంటి తమ పనులతోనే బతుకుతారు. 1962లో కట్టిన సమాధాన మందిరానికి శ్రమ చేసింది జర్మన్ యువకులు, తమ దేశం చేసిన కీడుకు ప్రాయశ్చిత్తంగా. 1971 ఈస్టర్‌కి వచ్చిన జనం పట్టక ఆ మందిరం వెనుక గోడ పడగొట్టి సర్కస్ డేరా తగిలించారు. ఎంతో శ్రమపడి కట్టిన గోడను కూడా పిల్లల కోసం తీసేయగలిగిన పెద్దలంటే నాకెంతో గౌరవం.

జనమైతే వచ్చారు గానీ చిక్కు భాషతో వచ్చింది. సహోదరులు ఫ్రెంచిలో పాడే కీర్తనలు ఇతర దేశాల పిల్లలకు అర్థమయ్యేవి కావు. అప్పుడు పారిస్‌లో ఆర్గన్ వాయించే సంగీతకర్త జాక్ బెర్తియే చేత చిన్నచిన్న పాటలు కట్టించారు. ఒకటి రెండు వాక్యాలు, అంతే. ఎక్కువగా లాటిన్, తర్వాత ఎన్నో భాషలు. ఆ వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ పాడతారు. కొన్ని పాటల్లో ఒక గుంపు మొదలెట్టిన కాసేపటికి రెండో గుంపు అదే రాగం అందుకుంటుంది. మన భజన బృందాల్లో పుస్తకం చూడకుండానే అందరి గొంతూ కలిసినట్టు, రెండు మూడు ఆవృత్తులకే కొత్తవాడు కూడా కలిసిపోతాడు. మాటలు గుర్తుంచుకునే శ్రమ తప్పాక మనసు ఆ మాటల్లోకి దిగుతుంది. ఇది సంగీతం తెలిసినవాళ్ళు బాగా ఆలోచించి చేసిన ఏర్పాటు.

పాటల నడుమ వాక్యపఠనం చిన్నది, పలు భాషల్లో. దాని తర్వాత మౌనం, కొన్ని నిమిషాల పాటు. నేల మీద కూర్చున్న వేలమంది కుర్రకారు ఒక్క మాటైనా లేకుండా ఉంటారు. ఇలా రోజుకు మూడుసార్లు గంటలు మోగుతాయి, అన్ని పనులూ ఆగుతాయి. మిగతా సమయంలో ఒక సహోదరుడు బైబిలు భాగాన్ని పరిచయం చేస్తాడు. తర్వాత వేర్వేరు దేశాలవాళ్ళు చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకుంటారు. వంట, వడ్డన, గిన్నెలు కడగడం, మరుగుదొడ్లు శుభ్రం చేయడం వచ్చినవాళ్ళ వంతే. శుక్రవారం రాత్రి సిలువను నేల మీద ఉంచుతారు. ఒక్కొక్కరూ వచ్చి దానికి నుదురు ఆనించి ప్రార్థిస్తారు. శనివారం రాత్రి కొవ్వొత్తుల వెలుగు చేతి నుంచి చేతికి మందిరమంతా పాకుతుంది.

2005 ఆగస్టు 16న అలాంటి ఒక సాయంత్ర ప్రార్థనలోనే మతి స్థిమితం లేని ఒక స్త్రీ కత్తితో పొడిచి రోజేను చంపింది. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్ళు. అంత్యక్రియల్లో ఆయన వారసుడు బ్రదర్ అలోయిస్ ఆమె కోసం క్షమాపణ ప్రార్థన చేశాడు. అదే అలోయిస్ 2019లో, గత దశాబ్దాల్లో కొందరు సహోదరులు లైంగిక దాడులకు పాల్పడ్డారన్న ఆరోపణలను స్వయంగా బయటపెట్టాడు. పిల్లలను నమ్మి పంపే చోట ఇలాంటివి దాచకూడదు. ఎంత పవిత్రమైన పేరున్నా సరే.

తేజే మనకు మరీ దూరం కాదు. 1985లోనూ 1988లోనూ మద్రాసులో వాళ్ళ ఖండాంతర సమావేశాలు జరిగాయి. మన యూత్ క్యాంపులకూ మంచి పాటలున్నాయి, ఉత్సాహముంది. కానీ పొద్దున లేచింది మొదలు మైకు ఆగదు, ఒక ప్రసంగం మీద ఇంకో ప్రసంగం. పిల్లవాడికి తన లోపలి మాట వినే తీరికే దొరకదు. క్యాంపులు నడిపే పాస్టర్లకూ, యువజన నాయకులకూ ఒక మనవి: వచ్చే మే నెలలో ఒక్క సాయంత్రం మైకు కట్టేయండి. తెలుగులో ఒక్క వాక్యం పాట అందరిచేతా పాడించండి, ఆ తర్వాత పది నిమిషాలు వాళ్ళను మౌనంగా కూర్చోనివ్వండి.