పక్కింటికి రాని కవిత

2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఆ చలికాలమంతా మా ఇళ్లల్లో పిల్లల ఫోన్ల నిండా కవిత్వమే. అప్పటిదాకా క్రికెట్టూ, పెళ్లి ఫొటోలూ పెట్టుకున్న కుర్రాళ్లు వరుణ్ గ్రోవర్‌నీ, ఆమిర్ అజీజ్‌నీ, 1979లో ఫైజ్ రాసిన 'హమ్ దేఖేంగే'నీ స్టేటస్‌లు పెట్టారు. 2020 జనవరి 4న హైదరాబాద్ ధర్నా చౌక్ మిలియన్ మార్చ్‌కి నేనూ పోయాను. జమాత్ పెద్దలు పిలిస్తే గడప దాటని పిల్లలు ఫోన్‌లో తిరిగిన పిలుపు చూసి వచ్చారక్కడికి. వేలు కదపడం తప్ప ఈ తరానికేం చేతనవునని వెక్కిరించేవాళ్ల మాట నేనొప్పుకోను.

నా గొడవ వేరు. ఆ కవిత్వం ఎవరితో మాట్లాడింది?

మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ వినడమొచ్చు, చదవడం రాదు. చదువంతా తెలుగులోనో ఇంగ్లీషులోనో సాగింది. ఫైజ్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో చదువుకుని, గొంతులో విని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ముషాయిరా మన రక్తంలో ఉన్నది కదా, ఫోన్‌కి అది బాగానే అతికింది. కానీ ఆ స్టేటస్‌లు చూసినవాళ్లెవరు? మళ్లీ మనవాళ్లే. ఇరవైనాలుగు గంటలకు అవీ మాయం. ఆమిర్ అజీజ్ కవితను 2020 ఫిబ్రవరిలో లండన్‌లో రోజర్ వాటర్స్ ఇంగ్లీషులో చదివాడు. లండన్ దాకా పోయిన కవిత మా పక్కింటి యాదగిరన్నకు చేరలేదు. అంతెందుకు, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల బిడ్డకూ అది పరాయి పాటే.

1998లో స్కైబాబ తెచ్చిన 'జల్‌జలా' నాటికి నేను నల్గొండలో డిగ్రీ కుర్రాణ్ణి. నా రూమ్మేట్ ఆ పుస్తకం చదివి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు, 'మీ ఇళ్లల్లో మా గురించి ఇట్లనే అనుకుంటరారా?' అనడిగాడు. ఆ రాత్రంతా కొట్లాడుకున్నాం. మా దోస్తీ అసలు మొదలైంది అప్పుడే. అంతకుముందు 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' చేసిన పనీ అదే. సాయిబు తెలుగులో నిలదీస్తే సెక్యులర్ మిత్రుడికి తప్పుకునే సందు లేకుండా పోయింది. అదే ఉర్దూలో అంటే 'వాహ్, ఎంత తీయటి భాష!' అని మెచ్చుకుని వెళ్లిపోవచ్చు. 2020లో చాలామంది చేసిందదే.

తెలుగులో రాసినవాళ్లు లేరని కాదు. నాకు కనబడ్డవాళ్లలో ఎక్కువమంది మా తరమో, మాకంటే పెద్దలో. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, రేషన్ కార్డులో ఇంకో స్పెల్లింగ్ ఉన్న నానీమా కాగితాల కోసం బీరువా బోర్లించిన పిల్లలు లక్షల్లో ఉంటారు. ఆ బీరువా ముందు కూర్చుని తెలుగులో రాసిన కుర్రాడి కవిత నాకింకా దొరకలేదు.

భాషొక్కటే అడ్డం కాదు, భయం కూడా ఉంది. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అని ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి వేలం ఆట ఆడారు. రెండో కేసులో అరెస్టయినవాళ్లలో ఇరవై ఏళ్లు అటూఇటూ ఉన్న విద్యార్థులున్నారు. యువతరం ఫోన్ పట్టుకుని రాజకీయాల్లోకొచ్చిందని మురిసేటప్పుడు ఈ పిల్లల్ని కూడా లెక్కేసుకోవాలి. వాళ్లదీ ఒక ఉద్యమమే, వాళ్ల దృష్టిలో.

మా చెల్లెలి కూతురు అప్పట్లో ఒక తెలుగు కవిత పెట్టింది, తన ఫొటోతో. గంటలో కింద చేరిన బూతులు చూసి వాళ్లమ్మీ వణికిపోయింది. పోస్టు తీసేయించింది. మొన్న రంజాన్‌కి వెళ్తే నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది. 'మామూ, జరా పఢ్‌కే దేఖో.' నానీమా బీరువా గురించి కాదు, తన హాస్టల్ గది గురించి రాసింది పిల్ల. రెండుచోట్ల తడబడింది గానీ బాగుంది. అచ్చేద్దామా బేటా అన్నాను.

'వేయండి మామూ, పేరు లేకుండా' అంది.