జావాలో మెథడ్ ఎంపిక: నిర్దిష్టతా నియమంపై ఒక విమర్శ

ఒకే పేరుగల మెథడ్లలో ఏది వర్తిస్తుందో జావా కంపైలర్ ఆర్గ్యుమెంటు విలువను బట్టి కాక, దాని ప్రకటిత రకాన్ని బట్టి నిర్ణయిస్తుంది. ఒకటికి మించి వర్తిస్తే అత్యంత నిర్దిష్టమైనదానిని ఎంచుకుంటుంది. స్ట్రింగ్ క్లాసులోని వాల్యూఆఫ్ మెథడ్ ఈ నియమానికి కఠిన పరీక్ష. నల్‌ను నేరుగా ఇస్తే దాని ఆబ్జెక్ట్ రూపమూ, క్యారెక్టర్ అర్రే రూపమూ వర్తిస్తాయి. అర్రే కూడా ఆబ్జెక్టే కనుక రెండవదే ఎంపికై, ప్రోగ్రాం నడిచేటప్పుడు నల్ పాయింటర్ ఎక్సెప్షన్ తలెత్తుతుంది. అదే నల్‌ను ఆబ్జెక్ట్ రకపు చలరాశి ద్వారా పంపితే 'నల్' అనే పదమే ఫలితంగా వస్తుంది. విలువ ఒక్కటే, ఫలితాలు వేరు. ఇందులో కంపైలర్ నియమం తప్పలేదు. ఒక రూపం స్వీకరించే విలువను మరొక రూపం తిరస్కరించడమే లోపం. ఒకే పేరు పంచుకునే మెథడ్లు ఒకే అర్థాన్నీ పంచుకోవాలి. ఆ బాధ్యత లైబ్రరీ రూపకర్తది.