‘గుర్తించు’ అనే క్రియ: నానో సెన్సర్ల సందర్భం

పాలలోని టెట్రాసైక్లిన్ అవశేషాలను ప్రతిదీప్త కార్బన్ డాట్లు ‘గుర్తిస్తాయి’ అని తెలుగులో రాస్తున్నాం. ఈ క్రియ జరిగినదానికన్నా ఎక్కువ చెబుతోంది. అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగే ఈ నానోకణాలు టెట్రాసైక్లిన్ చేరగానే మసకబారుతాయి. ఇందుకు తరచుగా కారణం, కణాలకు అందవలసిన 360 నానోమీటర్ల పరిసర కాంతిని ఆ మందే శోషించుకోవడం. అదే కాంతిని శోషించే వేరొక పదార్థమున్నా వెలుగు తగ్గుతుంది. పైగా పాలలోని కొవ్వు, కేసిన్ కాంతిని చెదరగొడతాయి. యూరోపియన్ యూనియన్ పాలకు అనుమతించిన గరిష్ఠ పరిమితి కిలోకు 100 మైక్రోగ్రాములు. శుద్ధజలంలో అంతకన్నా తక్కువ మోతాదు దొరికినంత మాత్రాన పాలలోనూ దొరుకుతుందనలేం. ఏ మందో తేల్చడానికి చివరకు మాస్ స్పెక్ట్రోమెట్రీనే ఆశ్రయించాలి. కనుక సెన్సర్ పనికి ‘పసిగట్టు’, ప్రయోగశాల పనికి ‘నిర్ధారించు’ వాడటం సమంజసం. పారిభాషిక పదాల పాఠంలో నేనూ ఇంతకాలం రెండింటికీ ‘గుర్తించు’ అనే చెప్పాను.